పాత దస్తావేజు చదవాలంటే ముందు కాగితం వెనక్కి తిప్పండి

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వల్ల హైదరాబాదులో ఉంటున్నాం. ఊళ్ళో పాత ఇల్లు విప్పేటప్పుడు నాయనమ్మ ట్రంకుపెట్టెలో గుడ్డమూట ఒకటి దొరికింది. అన్నీ చేతిరాత కాగితాలు. మా తాతగారి తండ్రి పేరు తెలుసు కానీ, ఆయన తండ్రి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పేరు ఇందులో ఉంటుందని ఆశ. నాకు తెలుగు బాగానే వచ్చు, అయినా ఒక్క వాక్యం పూర్తిగా చదవలేకపోతున్నాను. ఫోన్‌లో ఒక యాప్‌కి ఫోటో ఇస్తే ఏదో చదివి, "మజుకూరి" అని ఒక ఇంటిపేరు చెప్పింది. మా ఇంటిపేరు అది కాదు. పైగా ఒక కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంది. ఇవి అసలు మా వాళ్ళ కాగితాలేనా అని టెన్షన్‌గా ఉంది. చిరిగిపోకుండా లామినేషన్ చేయిద్దామని అన్నయ్య అంటున్నాడు. నాలుగు ఫోటోలు పంపుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు అన్నయ్యగారిని ఆపండి. లామినేషన్ వద్దు. ఆ వేడి, ఆ ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగాక మళ్ళీ ఎవరూ విడదీయలేరు. సెల్లో టేపు కూడా వద్దు, కొన్నేళ్ళకు అది గోధుమరంగుకు తిరిగి కింద అక్షరాన్ని తినేస్తుంది. మడతలు బలవంతంగా విప్పకండి. పగటిపూట కిటికీ పక్కన బల్ల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా, రెండువైపులా ఫోటోలు తీయండి. సిరా వెలిసిన చోట గది చీకటి చేసి టార్చిలైటు పక్కనుంచి, కాగితానికి దాదాపు ఆనించినట్టు వేసి ఇంకో ఫోటో తీయండి. సిరా పోయినా పాళీ గీసిన గాడి నీడలో కనిపిస్తుంది. ఆ ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ పెంచితే, కంటికి ఆనని అక్షరాలు చాలావరకు పైకి తేలతాయి.

మీరు పంపినవి మీ ప్రాంతపు కాగితాలే, కంగారు పడకండి. బాపట్ల తాలూకా 1904 దాకా కృష్ణా జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. 2022లో బాపట్లే జిల్లా అయింది. అంటే ఊరు కదలకుండానే మీ ముత్తాతల కాలం నుంచి మీ దాకా మూడు జిల్లాలు మారింది. మీకు అడ్డంకిలా కనిపించిన "కృష్ణా జిల్లా" అన్న మాటే నిజానికి మీకు మొదటి ఆధారం. ఆ కాగితం 1904కి ముందుదో, ఆ చుట్టుపక్కలదో అయి ఉండాలి.

మజుకూరి అని ఎవరూ లేరు. అది "మజ్కూరు". పైన చెప్పిన, అదే ఊరి, అని అర్థం. "సదరు" లాగే దస్తావేజులో ప్రతి నాలుగు మాటలకూ వస్తుంది. యాప్‌లు అచ్చు తెలుగును బాగానే చదువుతున్నాయి గానీ అక్షరాలను గొలుసులా కలిపి రాసే ఈ గొలుసుకట్టు రాత వాటికి ఇంకా లొంగలేదు. లొంగనప్పుడు ఊరుకోవు, నమ్మేలా ఉండే మాట ఒకటి కల్పించి ఇస్తాయి. వంశవృక్షంలో ఇలాంటి కల్పిత పేరు ఒకటి చేరిందంటే పది మంది చుట్టాలు దాన్ని కాపీ చేసుకుంటారు, తర్వాత తీసేయడం ఎవరి తరమూ కాదు. ఇప్పటికి యాప్‌ని పక్కన పెట్టండి.

మీకు చదవడం రాక కాదు, ఆ రాత వేరు. కరణాలు, దస్తావేజు లేఖరులు రోజూ పేజీలకు పేజీలు రాసేవారు. కలం ఎత్తితే పని ఆలస్యం. అందుకని ఒక అక్షరం తలకట్టు మీదుగానే రెండో అక్షరంలోకి వెళ్ళిపోయేవారు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, కామా, ఫుల్‌స్టాప్ ఉండవు. పంక్తి చివర చోటు చాలకపోతే మాట ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. ఒత్తులు సగం వదిలేస్తారు. ప, వ ఒకేలా ఉంటాయి. మ, య ఒకేలా ఉంటాయి. ఇలాంటి రాతను ఒక్కో అక్షరం పట్టుకుని కూడబలుక్కుంటూ పోతే మొదటి పంక్తిలోనే ఓపిక అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది, ఆ రాతను చూసి నేర్చుకునే అవకాశం కూడా దాంతోనే పోయింది. చదువుకున్న మీకు ఇది రాకపోవడంలో వింత ఏమీ లేదు.

కాబట్టి అక్షరాల జోలికి వెళ్ళకుండా ముందు కాగితం వెనక్కి తిప్పండి. స్టాంపు కాగితం అయితే అమ్మిన వెండరు రాసుకున్న చిన్న నోటు వెనక ఉంటుంది. తేదీ, ఎంత విలువ స్టాంపు, కొన్నది ఎవరు, ఏ ఊరు. మూడు పంక్తుల్లో మీకు కావలసిన పేరు, ఊరు దొరికిపోతాయి, తరచుగా తండ్రి పేరుతో సహా. దాని కిందో పక్కనో రిజిస్ట్రేషన్ ముద్ర, రాత ఉంటాయి. ఒకటవ పుస్తకం, ఇన్నో వాల్యూం, ఇన్నో పేజీ నుంచి ఇన్నో పేజీ వరకు, ఏ సంవత్సరం ఎన్నో నంబరు అని. మీరు పంపిన రెండో ఫోటోలో ఎడమ అంచున ఆ రాత లీలగా కనిపిస్తోంది. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. ఎందుకో చెబుతాను.

రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక గుమాస్తా పూర్తిగా పుస్తకంలోకి ఎత్తి రాసేవాడు. అంటే మీ చేతిలో ఉన్న కాగితంలోని మాటలే, పొల్లు పోకుండా, ఇంకొకరి చేతిరాతలో ఆ ఆఫీసులో ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులు ఉండే ఒకటవ పుస్తకం నకలు ఎవరైనా అర్జీ పెట్టి, ఫీజు కట్టి తీసుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఇక్కడ చదవలేనిది అక్కడ చదవొచ్చు. పాతవి చదవడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. నంబరు దొరకని కాగితాలకు అదే ఆఫీసులో రెండు సూచికలు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే కాబట్టి దాంతో మీకు పని కాదు, మనిషి వెళ్ళి వెతికించుకోవాలి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. నూరు రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ మూటలో ముద్ర లేని చిన్న కాగితాలు ఉంటే వాటికి లోకంలో రెండో ప్రతి లేదు. ముందు వాటినే ఫోటో తీయండి.

ఇక తేదీ. మీ మొదటి ఫోటోలో పై పంక్తి ఇలా ఉంది: "శుభకృతు నామ సంవత్సర మాఘ శు ౧౦ లు కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా". శుభకృతు అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1842-43, 1902-03, 1962-63, ఈమధ్య 2022-23. వీటిలో ఏది? కృష్ణా జిల్లా అన్నారు కనుక 1962 కాదు. దీని వెనకవైపుది అయిన రెండో ఫోటోలో ఒకటవ పుస్తకం అంటూ రిజిస్ట్రేషన్ రాత ఉంది, ఆ పద్ధతి 1860ల తర్వాతే కనుక 1842 కాదు. మిగిలింది 1902-03. ఉగాదికి మొదలయ్యే సంవత్సరంలో మాఘం దాదాపు ఆఖరున వస్తుంది కాబట్టి అది 1903 మొదట్లో పడుతుంది, 1902లో కాదు. చాలామంది ఇక్కడే ఒక ఏడాది వెనక్కి రాసేస్తారు. "శు" అంటే శుద్ధం, "బ" అంటే బహుళం. మిగతా కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) అంకె ఉంటే దానికి 590 కలపండి, ఆ ఏడు జులై నుంచి మరుసటి జూన్ దాకా ఆ ఫసలీ. 1312 ఫసలీ అంటే 1902 జులై నుంచి 1903 జూన్ వరకు. స్టాంపు మీది బొమ్మ కూడా చూడండి. విక్టోరియా రాణి 1901లో పోయింది, తర్వాత ఎడ్వర్డ్, 1910 నుంచి అయిదో జార్జి, 1936 చివర నుంచి ఆరో జార్జి. పాత స్టాకు కొన్నాళ్ళు చెల్లి ఉంటుంది కాబట్టి బొమ్మను బట్టి ఏడాది తేల్చేయకండి. అయిదో జార్జి బొమ్మ ఉన్న కాగితం మాత్రం 1910కి ముందుది కాలేదు.

ఇప్పుడు చదవడం. దస్తావేజు ఎవరు రాసినా దాని నడక ఒకటే. తేదీ, కొనుక్కున్నవారు, అమ్మినవారు, "వ్రాశి యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు యేమంటే", సొమ్ము ముట్టిన సంగతి, "యీ దినం లగాయతు మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాదులకు యోగ్యంగా అనుభవించుకోగలరు", తర్వాత చెక్కుబంది (నాలుగు వైపుల హద్దులు), సాక్షులు, నిశానీలు (సంతకం రానివారు పెట్టే గుర్తులు), రాసినవారి వ్రాలు, అంటే సంతకం. ఈ నడక కంఠతా పట్టండి. కాగితంలో ఎక్కడ ఏ మాట రావాలో మీకు ముందే తెలిస్తే అక్షరాలు వాటంతట అవే విడివడతాయి. "పుత్ర పౌత్ర" ఎక్కడుందో గుర్తుపడితే ఆ లేఖరి ప ఎలా వేస్తాడో, త్ర ఎలా తిప్పుతాడో తెలిసిపోతుంది. బాపట్ల అన్న మాట నుంచి బ, ప, ట్ల. సాక్షులు నుంచి స, క్ష, ల. సొమ్ము దగ్గర ఇంకా సులువు, ఎందుకంటే దాన్ని అంకెల్లోనూ రాసి మళ్ళీ "అక్షరాలా" అని మాటల్లోనూ రాస్తారు. మీ కాగితంలో "రు ౧౨౫ లు అక్షరాల నూట యిరువయి అయిదు రూపాయిలు" అని స్పష్టంగానే ఉంది, పెద్దది చేసి చూడండి. ఇలా దొరికిన ఒక్కో అక్షరాన్నీ ఒక నోటుబుక్కులో అతని రాతలోనే గీసుకోండి. ఒక పేజీ నిండేసరికి ఆ లేఖరి అక్షరమాల మీ చేతిలో ఉంటుంది. పేర్ల దగ్గరికి అప్పుడు వెళ్ళండి, అంతకు ముందు వద్దు. పేరును ఊహించడానికి వీల్లేదు కదా, దాన్ని అక్షరాలతోనే చదవాలి.

ఫోటోని పెద్ద సైజులో ప్రింటు తీసి, దాని మీద పెన్సిలుతో ఆ గీత వెంటే చెయ్యి నడపండి. అతని కలం ఎటు తిరిగిందో మీ చెయ్యి కూడా అటే తిరిగితే, కళ్ళకు ముడిలా కనిపించిన చోట రెండు అక్షరాలు ఉన్నాయని తెలుస్తుంది. పైకి చదవండి కూడా. ఆ రోజుల్లో పలికినట్టే రాసేవారు: ఇ బదులు యి, ఊరు బదులు వూరు, ఒక బదులు వక, చేసి బదులు శేశి. కంటికి తప్పుల తడకలా ఉన్న వాక్యం నోటితో అంటే మీ నాయనమ్మ మాటలా వినిపిస్తుంది. ఊళ్ళో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు చదివి వినిపించండి. మీరు "దాన వినిమయ" అనగానే మిగతాది వాళ్ళే పూర్తి చేస్తారు.

రెండు గుర్తులు మిమ్మల్ని బాగా తికమక పెడతాయి. మాట మధ్యలో తొమ్మిది అంకె, ౯, కనిపిస్తే అది అంకె కాదు, వలపలగిలక. ముందు పలకవలసిన ర్‌ని అక్షరం తర్వాత అలా రాసేవారు. "మాగ౯శిర" అంటే మార్గశిర, "ఖచు౯" అంటే ఖర్చు. పేర్లలోనూ వస్తుంది జాగ్రత్త. రెండోది లెక్కల్లో వచ్చే గీతలు. రూపాయల అంకె తర్వాత నిలువు గీత ఒకటుంటే పావు, అంటే నాలుగణాలు. రెండుంటే అర, మూడుంటే ముప్పావు. వాటి పక్కన అడ్డగీతలు వీసాలు, ఒక్కో అడ్డగీత ఒక్కో అణా. ౧౨ తర్వాత రెండు నిలువు గీతలు, ఒక అడ్డగీత ఉంటే పన్నెండు రూపాయల తొమ్మిదణాలన్నమాట. భూమి దగ్గర మీ వైపు ఎకరాలు, సెంట్లు. "య 2-20" అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. మీ చుట్టాల్లో తెలంగాణవాళ్ళ కాగితాలు చూస్తే అదే 2-20 రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. నిజాం రాజ్యపు పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, తండ్రి పేరు ముందు "వల్ద్" అని, నెలలు బహమన్, ఖుర్దాద్, తీర్ అని వస్తాయి. అది వేరే చదువు, ఉర్దూ దస్తావేజులు చదవడం వచ్చిన పెద్దలను పట్టుకోవాల్సిందే.

మీరు వెతికే పేరు విషయానికొస్తే, క్రయ దస్తావేజుల కన్నా మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మూటలో "పారీఖత్తు" గానీ "భాగ పంపిణీ" గానీ ఉందేమో చూడండి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు రాసుకునేది అది. తండ్రి పేరు, ఒక్కోసారి తాత పేరు, అన్నదమ్ములు వరసగా, మైనర్లుంటే వయసు, వాళ్ళ తరఫున గార్డియన్‌గా తల్లి. ఒక్క కాగితంలో మూడు తరాలు దొరుకుతాయి. "పసుపు కుంకుమ" కింద ఆడపిల్లకు రాసిచ్చిన దస్తావేజు ఇంకా విలువైనది. మన వంశవృక్షాల్లో కొడుకులే ఉంటారు, ఆడపిల్లలు ఏ ఊరి కోడళ్ళయ్యారో ఎవరూ రాయరు. ఈ కాగితాల్లో వాళ్ళ పేర్లు ఉంటాయి, అత్తింటి ఊరితో సహా. దయచేసి వాటిని "ముఖ్యం కానివి" అని పక్కన పడేయకండి. దత్తత పత్రం, మనోవర్తి (జీవనభృతి) దస్తావేజు కూడా అంతే.

చెక్కుబందిని నిదానంగా చదవండి. తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం డొంక, పడమర ఫలానావారి పొలం, ఉత్తరం కాలవ. అన్నదమ్ముల వాటాలు సాధారణంగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి హద్దుల్లో కనిపించే పేర్లలో మీ ముత్తాతల అన్నదమ్ములూ, దాయాదులూ ఉండే అవకాశం ఎక్కువ. మీ ఇంటిపేరే ఉన్నవాళ్ళు తూర్పునో పడమరనో కనిపిస్తే ఆ పేరు కింద గీత గీసి ఉంచండి. సాక్షుల్ని కూడా వదలొద్దు. బావమరుదులు, మేనమామలు సాక్షి సంతకాలు పెట్టడం మామూలు. భూమి లేని కుటుంబాల ఆనవాళ్ళు చాలాసార్లు ఇక్కడే దొరుకుతాయి. తమ పేరున ఒక్క దస్తావేజూ లేని మనిషి, ఇంకొకరి దస్తావేజు చివర నిశానీ వేసి, పక్కన లేఖరి రాసిన పేరుగా మిగిలి ఉంటాడు. ఆ పేరు ఈ రోజు ఎవరో ఒకరు వెతుక్కుంటూనే ఉంటారు. మీరు ఎత్తిరాసేటప్పుడు అందరి పేర్లూ రాయండి, మీ వాళ్ళవి మాత్రమే కాదు.

పేరు దొరకగానే వెంటనే చెట్టులో ఎక్కించొద్దని ఇంకో హెచ్చరిక. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెడతాం. అందువల్ల ఒక ఇంట్లో తరం విడిచి తరం అదే పేరు నడుస్తుంది. 1870లో కనిపించిన పేరూ 1903లో కనిపించిన పేరూ ఒకటే అయినా మనిషి ఒకడే కాకపోవచ్చు. పైగా చిన్నప్పుడు "డు"తో ఉన్న పేరు పెద్దయ్యాక "య్య"గా మారుతుంది, "వెంకట"ని "వెం॥" అని కుదిస్తారు, ఇంటిపేరు ఒక్కోసారి అసలే రాయరు. తండ్రి పేరూ, పొలం హద్దులూ, ఈ రెండూ కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి. కలవకపోతే ఇద్దరిగానే ఉంచండి.

ఎత్తిరాసేటప్పుడు ఏ పంక్తి ఎక్కడ విరిగిందో అక్కడే విరవండి. ఆనాటి వర్ణక్రమం దిద్దొద్దు. "వ్రాశి" అని ఉంటే "వ్రాశి" అనే రాయండి. అనుమానం ఉన్న అక్షరాన్ని బ్రాకెట్లో పెట్టండి, చదవలేనిచోట చుక్కలు పెట్టి వదిలేయండి. చుక్కలు పెట్టిన చోటు రేపు ఇంకొకరు చదువుతారు. ఊహించి నింపిన చోటు ఎవరూ మళ్ళీ చూడరు.

మీ వాళ్ళకు ఎప్పుడైనా ఇనాం భూమి, అంటే పాలకులు బహుమానంగా ఇచ్చిన భూమి, ఉండేదని ఇంట్లో మాట వినబడితే తప్పక చెప్పండి. మద్రాసు ప్రభుత్వం 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి రిజిస్టర్లు రాసింది. మొదట ఇనాం ఎవరికి దక్కింది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకు వీళ్ళకు వరస ఏమిటి, వయసెంత అన్నీ అందులో ఉంటాయి. చాలావరకు ఇంగ్లీషులో కాబట్టి గొలుసుకట్టు బాధ కూడా లేదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న ఆర్కైవ్స్ మీకు దగ్గరే, అక్కడ అడగండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. ఊళ్ళో అయితే తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టరు చూపించమనండి, మీ వైపు డైగ్లాట్ అని కూడా అంటారు. సర్వే నంబరు పక్కన అప్పటి పట్టాదారు పేరు ఉంటుంది. అక్కడి పాత ఉద్యోగుల్లో గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు ఉంటే వాళ్ళే చెబుతారు. రిజిస్ట్రారు ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరుల్లో వయసైనవాళ్ళనూ అడగండి. చదివిపెట్టినందుకు డబ్బు అడిగితే సంతోషంగా ఇవ్వండి, అది కష్టమైన పని.

ఫోటోలు మాత్రం ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. పాత కాగితాల్లో రెండో పెళ్ళిళ్ళు, అప్పులు, దాయాదుల తగాదాలు ఉంటాయి. ఏ పొలం మీదైనా ఇంకా వ్యాజ్యం నడుస్తుంటే ఈ ఫోటో ఎవరి చేతిలో ఎలా మారుతుందో చెప్పలేం. పూర్తిగా చదివాక, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాక పంచుకోండి.

మీరు పంపిన మూడో ఫోటోలో అయిదో పంక్తి మొదట "పారీ" అని నాకు కనిపిస్తోంది, తర్వాతి అక్షరాల మీద మడత పడింది. పారీఖత్తే అయితే మీకు కావలసిన పేరు దాని పై మూడు పంక్తుల్లో ఉండాలి. ఆ కాగితాన్ని మడత విప్పకుండానే పక్క వెలుతురులో మళ్ళీ ఫోటో తీసి, వెనకవైపుది కూడా కలిపి పంపండి. ఈలోగా రెండో ఫోటోలోని నంబరుతో బాపట్ల సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకు అర్జీ పెట్టండి.